బంతి అంటే ఏ బంతి?

పన్నెండో తేదీ, ఆదివారం పొద్దున్న
వంటింటి బల్ల దగ్గర

అలిగి అక్కగారింటికి వెళ్ళిన మా ఇంటి పూలావిడకి,

నీ విజిల్ మాస్టారు నమస్కరించి, కొంచెం భయపడి రాసేదేమిటంటే,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని నాకూ తెలుసు. కానీ మన ఉభయుల్లో ఒకరు మాడిన బ్రెడ్డు తిని బతుకుతున్నారు, ఇంకొకరు ఫోన్ ఎత్తడం లేదు. ఇంక కుశలం ఎక్కడిది? ఆ మాట బాకీ ఉంచుతున్నాను. నువ్వు జవాబు రాశాక రాస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావా? ఏం చెయ్యమంటావు మరి! ఎప్పుడు చేసినా వదినగారే ఎత్తుతున్నారు. పొద్దున్న చేస్తే నువ్వు నిద్ర. మధ్యాహ్నం చేస్తే నిద్ర. సాయంత్రం చేస్తే, అయ్యో మరిదిగారూ, ఇప్పుడే నడుం వాల్చిందండీ అంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు పగటిపూట కన్ను మూయడం నేను చూడలేదు. ఆ ఊరి గాలిలో ఏముందో గానీ కాస్త సీసాలో పట్టి నాకూ పంపించు, నువ్వు వెళ్ళినప్పట్నించీ నాకు నిద్ర లేదు.

నువ్వు వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి రెండు హుకుంలు జారీ చేశావు. పూలగదిలో ఉన్న గాజు కూజాలు, తీగ చట్రాలు, బల్లగుడ్డలు ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చెయ్యాలి, తిరిగొచ్చేసరికి ఒక్కటి కూడా కళ్ళబడకూడదన్నది మొదటిది. ఎవరైనా ఫోన్ చేసి టీ పార్టీకి బల్లలు అలంకరించాలంటే, ఆవిడ మానేసిందండీ అని మర్యాదగా చెప్పాలన్నది రెండోది. మొదటిది అయిపోయింది. అన్నీ ఇచ్చేశాను, గది అద్దంలా ఉంది. రెండోదాని దగ్గరే చిన్న తేడా వచ్చింది. కోప్పడకుండా చదువు. కోప్పడ్డా చదువు.

అసలు ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. నీకు తెలియనిదా అనకు, నువ్వు చూడని ముక్క ఒకటుంది. నీ చేతి కట్టు విప్పిన మర్నాడే పెద్ద కూజా ఎత్తొద్దు మొర్రో అని మొత్తుకున్నాను. విన్నావా? చేతిలోంచి జారింది, నీళ్ళన్నీ కేకు మీద పడ్డాయి. నువ్వు వెంటనే, పార్టీలకి మనం బల్లలు సర్దే ఆ టీగది వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయావు. ఆ తరవాత అక్కడ ఏం జరిగిందో నువ్వు ఏనాడూ అడగలేదు. ఏం జరగలేదు! ఇద్దరు బల్ల తుడిచారు, ఒకావిడ పూలు ఏరి తన టీ కప్పులో పెట్టుకుంది, కేకుని తడవని వైపు నుంచి కోసుకుని శుభ్రంగా తినేశారు. వేళ్ళు వంగడం లేదు, కత్తెర పట్టు దొరకడం లేదు, ఇక నా పనైపోయిందని ఇంటికొచ్చి నువ్వే అన్నావు. అక్కడ ఎవరూ అనలేదు.

సరే, ఇప్పుడు అసలు కథ.

మొన్న వారం ఫోన్ మోగింది. కళ్ళజోళ్ళ షాపావిడ. వాళ్ళమ్మగారి ఎనభయ్యో పుట్టినరోజట. టీగది మాట్లాడుకున్నారు. ఆవిడ మానేసిందండీ అని చెబుదామని నోరు తెరిచాను, నీ మీద ఒట్టు. ఇంతలో ఆవిడ అంది కదా, మా అమ్మకి బంతంటే ప్రాణమండీ, బల్లల మీద ఎటు చూసినా బంతే కనబడాలి, ఇంకేం వద్దు అని.

నా పరిస్థితి ఊహించుకో. ఊరూరా గ్రౌండుల్లో బంతి వెనక పరిగెత్తినవాణ్ణి, జీవితమంతా విజిల్ ఊదినవాణ్ణి. ఎనభై ఏళ్ళ పెద్దావిడకి బంతంటే ప్రాణమని చెవినబడితే కాదని ఎలా అంటాను? ఆ వయసులో ఎంత మంచి అభిరుచి అనుకున్నాను. అంతా నేను చూసుకుంటానమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి అనేశాను.

నవ్వకు. నీ తప్పు కూడా ఉంది ఇందులో. టీ బల్ల మీదకి బంతిపువ్వు తేకూడదు, దాని వాసన టీ వాసనని మింగేస్తుంది అని నాతో ఎన్నిసార్లు అన్నావు? వాన పేరుతో చేసిన టీ పార్టీకి నీలం పూలు, రేడియో పేరుతో చేసినదానికి తెల్లపూలు, గొడుగుల పేరుతో చేసినదానికి ఎర్రపూలు తెచ్చావు గానీ ఒక్కనాడైనా బంతిపువ్వు తెచ్చావా? అందుకని ఆవిడ అన్నది పువ్వు గురించేమోనన్న ఆలోచన నా బుర్రలోకి రానే లేదు.

ఇక చూసుకో నా హడావిడి. తెలిసినవాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి ఫుట్‌బాళ్ళు పోగుచేశాను. పిల్లల రబ్బరు బంతులు, టెన్నిసు బంతులు, ఎవరిదో పెంపుడు కుక్క కొరికిన బంతి కూడా వదల్లేదు. నీ ఆకుపచ్చ బల్లగుడ్డలు పరిచి వాటి మీద సుద్దతో గ్రౌండు గీతలు గీశాను. చెంచాలకి కాగితం జెండాలు అంటించి బల్ల మూలల్లో నిలబెట్టాను. ప్రతి ప్లేటు పక్కనా ఒక విజిల్. నడుమ వరసగా వెడల్పు మూతి గాజు కూజాలు పెట్టి, ఒక్కో కూజా నోట్లో ఒక్కో ఫుట్‌బాల్ కూర్చోబెట్టాను. ఆ కూజాలెక్కడివని అడక్కు, వరసలో వస్తుంది. పెద్దావిడ కుర్చీ ముందు మాత్రం డాక్టరు నీకు పిసకమని ఇచ్చిన స్పాంజి బంతి పెట్టాను, ఆ పచ్చటి నవ్వుమొహం బంతే, నువ్వు గోడకేసి కొట్టి వెళ్ళావే, అదే. బీరువా కింద దొరికింది. దుమ్ము దులిపితే ఇంకా నవ్వుతూనే ఉంది పాపం.

దూరంగా నిలబడి చూసుకున్నాను. నాకు నేనే ముచ్చటపడ్డాను. నీ నియమం కూడా తప్పలేదు, కూర్చున్న మనిషి గడ్డం దాటి ఏదీ పైకి పోకూడదంటావు కదా, ఏదీ పోలేదు.

మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపావిడ కేకు పట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. ఇదేంటండీ అంది. బంతి అన్నాను ఛాతీ విరుచుకుని. ఆవిడ కేకు కింద పెట్టి, బంతిపూలండీ, నేను చెప్పింది బంతిపూలు అంది.

తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. ఆవిడ అరిచినా బాగుండేది. అరవలేదు. కుర్చీలో కూలబడి మెల్లగా చెప్పింది. ఊరందరికీ కళ్ళజోళ్ళు పెట్టే తనకి సొంత తల్లికి సరిపడే అద్దం దొరకలేదట. పెద్దావిడకి చూపు మసకబారిపోయి మొహాలు కూడా ఆనడం లేదు. రంగుల్లో పసుపు ఒక్కటే ఇంకా తెలుస్తోందట. అది కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదట. అందుకని ఈ పుట్టినరోజుకి ఆవిడ కూర్చున్న చోటల్లా పసుపే కనబడాలని కూతురి ఆశ.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అంతవరకూ నా పరువు, నీ పేరు ఇవే అనుకున్నాను. ఇక అవేవీ గుర్తులేవు. ఆ ముసలావిడ వచ్చి ఏమీ కనబడని బల్ల ముందు కూర్చుంటుందన్న తలపే నన్ను తినేసింది. అమ్మా, అతిథులు వచ్చేలోగా నేను తిరిగొస్తాను, మీరు కదలకండి అని మెట్లు దిగి పరుగెత్తాను. నా మోకాళ్ళు ఏమన్నాయో ఇక్కడ రాయడం బాగుండదు.

పూల దుకాణాలు మధ్యాహ్నం మూసేసి ఉన్నాయి. అలాంటప్పుడు ఎక్కడికి వెళ్ళాలో నీకు తెలుసు, నాకేం తెలుసు? అయితే నాలుగు రోడ్ల కూడలి మధ్యలో గుండ్రటి తోట ఉంది చూడు, అందులో పచ్చగా ఏదో రోజూ కనబడుతూ ఉండేది. పరుగున వెళ్ళాను. నిజమే, బంతిపూలే! కానీ వాహనాలు ఆగితేనా? జేబులోంచి విజిల్ తీసి ఒక్క ఊదు ఊదాను. నాలుగు వైపులా బళ్ళు టక్కున ఆగిపోయాయి. ఇన్నేళ్ళ నా రిఫరీ బతుకులో ఆటగాళ్ళు కూడా అంత బుద్ధిగా ఆగలేదు.

తోటమాలి అదృష్టం కొద్దీ ఆ రోజే పాత మొక్కలు పీకేస్తున్నాడు, కొత్తవి నాటాలని. సంగతి చెప్పాను. ఫుట్‌బాళ్ళు పెట్టారా అని పడీ పడీ నవ్వాడు, నవ్వుతూనే నాతోబాటు కూర్చుని పూలు గిల్లి రెండు గంపలు నింపాడు. ఆయనకి టీ తాగించాను, అది వేరే సంగతి.

గంపలతో వచ్చి పడ్డానా, అప్పుడు తెలిసింది అసలు కష్టం. కాడలన్నీ పొట్టివి, చిటికెన వేలంత కూడా లేవు. కూజాలో వేస్తే పువ్వు అడుగుకి పోయి కూర్చుంటోంది. పైకి తీస్తే ఒరిగిపోతోంది. నేను తంటాలు పడుతుంటే కళ్ళజోళ్ళ షాపావిడ గడియారం వంక చూస్తోంది. తల ప్రాణం తోకకొచ్చి నీకు ఫోన్ చేశాను. వదినగారు ఎత్తారు. నువ్వు నిద్రపోతున్నావన్నారు. ఇంక సిగ్గు విడిచి ఆవిడకే మొరపెట్టుకున్నాను, పొట్టి కాడల బంతిపూలున్నాయి, కూజాలు పొడుగు, కొంప మునిగిందని. ఆవిడ కాస్త ఆగి, తేలించండి మరిదిగారూ అన్నారు. వెడల్పు గిన్నెల్లో నీళ్ళు పోసి తేలించాలట. ఒత్తుగా వెయ్యకూడదట, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఊపిరాడాలట. వదినగారి పరిజ్ఞానానికి నోరెళ్ళబెట్టాను. జన్మలో ఒక్క పువ్వు గ్లాసులో పెట్టి ఎరగని మనిషి!

గిన్నెలెక్కడివి? టీగదిలో ఉన్నవన్నీ చక్కెరకీ బిస్కెట్లకీ అయిపోయాయి. నాకు దిక్కు తోచక బల్ల వైపు చూశాను. కూజాల నోళ్ళలో ఫుట్‌బాళ్ళు గుండ్రంగా నా వంకే చూస్తున్నాయి. సగానికి కోస్తే గిన్నె కాదూ!

నీ పెద్ద కత్తెర తీశాను. ఒక్కో బంతినీ రెండు చేసి, సగం బంతిని కూజా మూతి మీద బోర్లాపడకుండా కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, పూలు తేలించాను. బంతిలో బంతి! చాలా బంతుల అతుకుల్లోంచి నీళ్ళు కారిపోయాయి, కారనివి మిగతా బల్లలన్నిటికీ సరిపోయాయి గానీ పెద్దావిడ బల్లకి తక్కువయ్యాయి. ఇంకొక్క బంతే మిగిలింది. అది ఏదో నీకు తెలుసు. నా ఆఖరి మ్యాచ్ బంతి, రెండు జట్లవాళ్ళూ సంతకాలు చేసిచ్చింది. తుడుస్తానంటే కూడా నిన్ను ముట్టుకోనివ్వలేదు కదా. ముచ్చటకని తెచ్చి నడిమి బల్ల మీద పెట్టాను. కత్తెర పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు. అయినా కోశాను. తోలు లోపల రబ్బరు తిత్తి ఇంకా గట్టిగానే ఉంది, ఒక్క చుక్క కారలేదు.

పెద్దావిడ వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నేను తలుపు చాటున కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆవిడ కూర్చుంది, ముందుకి వంగింది. తరవాత ఒక్కో బల్ల వైపూ వేలు చూపిస్తూ, అదుగో అక్కడుంది, అదుగో అక్కడ కూడా ఉంది అని చిన్నపిల్లలా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కూతురు మొహం అటు తిప్పుకుంది. నేను కూడా తిప్పుకున్నాను.

ఆ తరవాత పెద్దావిడ చెయ్యి విజిల్‌కి తగిలింది. ఇదేమిటని తడిమి చూసి, నోట్లో పెట్టుకుని ఒక్కటి ఊదింది! అంతే, ఇక ఆ గదిలో మాటలు వినబడితే ఒట్టు. ఎనభై దాటినవాళ్ళూ ఊదేవాళ్ళే. టీగదివాళ్ళు బెదిరిపోయి టీ బదులు వేడినీళ్ళు పోశారు, ఎవరూ గమనించలేదు. కేకు కొయ్యమంటే పెద్దావిడ నీ నవ్వుమొహం బంతిని పిసుకుతూ కూర్చుంది. వేళ్ళకి హాయిగా ఉంది, ఇది నాకిచ్చెయ్యి నాయనా అని అడిగింది. అది మా ఆవిడదండీ, ఆవిడ ఇంకా వాడుకోవాలి అని చెప్పి వెనక్కి తీసుకున్నాను. ఈ ఉత్తరంతోబాటు పంపుతున్నాను. రోజూ పిసుకు. నా మీద కోపం వచ్చినప్పుడల్లా పిసికినా చాలు, నెలలోగా వేళ్ళు వంగుతాయి.

చివర్లో ఆవిడ, ఇలా విడివిడిగా కూర్చుంటే నాకు ఎవరెవరో తెలియడం లేదు, బల్లలన్నీ కలపండి, అందరం ఒకే బంతిలో కూర్చుందాం అంది. ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. బంతికి ఆ అర్థం కూడా ఉందని మర్చేపోయాను. బల్లలు జరిపాం, అందరూ ఒక వరసన కూర్చున్నారు. నేను గోడకానుకుని చూస్తూ ఆలోచించాను. నువ్వు ఆ గదిలో ఎన్ని బల్లలు అలంకరించావు! నేను ఎన్ని కుర్చీలు మోశాను! ఒక్కసారైనా మనిద్దరం అక్కడ ఒకే బంతిలో కూర్చుని ఒక కప్పు టీ తాగామా? బల్ల సర్దడం, వెనక గుమ్మంలోంచి ఇంటికి రావడం, అదేగా మన పని. నాకు చాలా కష్టమనిపించింది.

అందుకని టీగదిలో కిటికీ దగ్గర బల్ల ఒకటి నా పేరుతో చెప్పి ఉంచాను. రెండే కుర్చీలు. ఏ రోజంటే, నువ్వు వచ్చిన రోజు. బల్ల మీద పూలు నువ్వే పెట్టాలి. కత్తెర అక్కర్లేదు, గోటితో గిల్లితే చాలు. కూజా ఎత్తక్కర్లేదు, నీళ్ళు నేను పోస్తాను. కోసిన బంతులన్నీ కడిగి ఆరబెట్టాను, నా ఆఖరి మ్యాచ్ బంతితో సహా. పని చెయ్యాలనిపిస్తే చెయ్యి, లేకపోతే టీ తాగి వెళ్ళిపోదాం. ఇల్లు నాకు నచ్చడం లేదు నువ్వు లేకుండా.

కూజాల సంగతి వరసలో వస్తుందన్నాను కదా. ఏవీ ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా, పగిలిపోయాయని చెప్పి పంపేశాను. అన్నీ మంచం కింద ఉన్నాయి. రాత్రిళ్ళు పక్కకి ఒత్తిగిలితే గలగలమంటున్నాయి. గది అద్దంలా ఉందన్నది మాత్రం నిజం, ఖాళీగా ఉందిగా మరి.

వదినగారికి నా నమస్కారాలు చెప్పు. నీ చెయ్యి జాగ్రత్త.

ఇట్లు,
సగం బంతుల యజమాని,
నీ విజిల్ మాస్టారు

తా.క. ఒక్క ముక్క దాచాను. వదినగారు తేలించమన్నారని రాశాను కదా. అన్నారు, అబద్ధం కాదు. కానీ ఆవిడ అనడానికి ముందు వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది. పొట్టి కాడలకి కూజాలేమిటే, నీళ్ళలో తేలించమను, ఒత్తుగా వెయ్యొద్దని చెప్పు, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఊపిరాడాలి, ఆయనకి ఒకటికి రెండుసార్లు చెప్పవే అక్కా అని ఒకటే అరుపు. గ్రౌండు నిండా జనం ఉన్నా ఆ గొంతు నేను గుర్తుపడతాను. ఏమీ విననట్టే ఊరుకున్నాను. ఈ బల్లలు ఎవరు సర్దారని పెద్దావిడ అడిగితే మా ఆవిడ అని చెప్పాను. ఒకసారి పిలవమంది. నిద్రపోతోందండీ అన్నాను. నిద్రలోనే ఇంత చేస్తే, మెలకువగా ఉంటే ఇంకెంత చేస్తుందో అంది. నిద్ర లేవగానే ఫోన్ చెయ్యి.